కొయ్యముఖం కొలువు

ఆగస్టు 4, సోమవారం

ఉద్యోగం దొరికింది. ఏం ఉద్యోగం అని ఎవరైనా అడిగితే చెప్పడానికి దానికో పేరు లేదు. కుర్చీలో కూర్చోవాలి, మొహంలో ఏమీ కనపడకూడదు. అంతే. ఇన్నాళ్ళూ మొహం పెట్టుకుని బతికినవాణ్ణి, ఇప్పుడు మొహం తీసి పక్కన పెట్టి బతకాలట.

ఇదంతా మా బావమరిది చలవ. పిల్లల ఆసుపత్రి పక్క భవనంలో పై అంతస్తులో పిల్లల బెరుకుని కొలిచే చోటు ఒకటుంది. వాడక్కడ కెమెరాలూ మైకులూ చూసుకుంటాడు. కుర్చీలో కూర్చునే పాత మనిషి మానేశాడు, ఖాళీ ఉంది, కానీ నీవల్ల కాదులే బావా అన్నాడు. కాదన్నాడు కాబట్టి వెళ్ళాను.

ఫర్నిచర్ షాపులో పని పోయాక ఇంట్లో కూర్చుని గోడలతో వేళాకోళమాడుతున్నాను. అక్కడ నేను చేసిన ఘోరం ఏమిటంటే, యజమాని మధ్యాహ్నం కునుకు తీసే కుర్చీకి ‘అమ్ముడుపోయింది’ అట్ట తగిలించడం. యజమాని అందులోనే ఉన్నాడు. కొనడానికొచ్చిన ఆవిడ, సరుకు బాగానే ఉంది గానీ గురక పెడుతోందే అంది. నవ్వని వాడు యజమాని ఒక్కడే.

కొత్త ఉద్యోగం సంగతి విని మా ఆవిడ, ఇంట్లో కూడా ప్రాక్టీసు చెయ్యండి అంది.

అక్కడి పిల్లల సంగతులు బయట చెప్పకూడదని సంతకం తీసుకున్నారు. చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. అందుకని ఈ డైరీ.

ఆగస్టు 6, బుధవారం

బెరుకుని కొలవడమేంటమ్మా, అదేమైనా జాకెట్టు గుడ్డా అని అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఆవిడ నవ్వదు. జ్వరానికైతే నోట్లో కడ్డీ పెడితే చాలండీ, ఇది నోరే తెరవని జబ్బు కదా అంది. అది జోకా కాదా అని మెట్లు దిగేదాకా ఆలోచించాను.

మూడు రకాలుగా కొలుస్తారట. మొదట పిల్లకి ఒక కాగితం. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే భయమేస్తుంది, నలుగురూ నన్నే చూస్తున్నట్టుంటుంది, నన్ను చూసి నవ్వుతారనిపిస్తుంది, ఇలాంటి మాటలుంటాయి. ఒక్కోదాని పక్కన ‘ఎప్పుడూ ఉండదు’ నుంచి ‘ఎప్పుడూ ఉంటుంది’ దాకా గడులు. ఎందులోనో టిక్కు పెట్టాలి. అలాంటిదే ఇంకో కాగితం అమ్మకో నాన్నకో. ఈ రెండు కాగితాలూ మొగుడూ పెళ్ళాల్లాంటివట, చాలాసార్లు ఒకదానితో ఒకటి ఒప్పుకోవట. (పోలిక నాది. ఆవిడ ‘పొంతన కుదరదు’ అంది.) బెరుకున్న పిల్ల కాగితం ముందు కూడా బెరుకుపడుతుంది. మంచిపిల్ల అనిపించుకోవడానికి అన్నీ ‘ఉండదు’ అని కొట్టేస్తుంది. పెద్దవాళ్ళేమో ఉన్నదానికి ఇంకాస్త కలుపుతారు, లేదంటే వాళ్ళకసలు తెలియనే తెలియదు.

అందుకని మూడోది, గది. గదిలో ఒక కొత్త మనిషి కూర్చుని ఉంటాడు. పిల్ల వచ్చి ఆ మనిషితో కాసేపు మాట్లాడాలి. ఆ కొత్త మనిషిని నేను. నవ్వకూడదు, తలాడించకూడదు, విసుక్కోకూడదు. అడిగినదానికి ముక్తసరిగా జవాబివ్వాలి. మరీ ఎక్కువసేపు నిశ్శబ్దమైపోతే ఒకే ఒక్క వాక్యం అనొచ్చు. ‘నీకు ఇష్టమైనదేదైనా చెప్పు.’ మధ్యమధ్యలో మైకులోంచి అడుగుతారు, నీ భయం ఇప్పుడు సున్నా నుంచి పదిలో ఎంత అని. కెమెరా పిల్ల మొహం మీదే ఉంటుంది. నా భుజం ముక్క ఒకటి మూలన కనిపిస్తుందట. అవతలి గదిలో వాళ్ళు పిల్ల ఎటు చూసింది, గొంతు ఎంత వచ్చింది, ఎన్నిసార్లు ఆగింది అని లెక్కేసుకుంటారు.

మీరు దయగా ఉంటే ఒక్కో పిల్లకి ఒక్కోలా ఉంటారు, కొయ్యలా ఉంటేనే అందరికీ ఒకేలా ఉంటారు అంది డాక్టరమ్మ.

పరీక్షకని మా బావమరిదిని నా ఎదురుగా కూర్చోబెట్టి కోతి వేషాలు వెయ్యమన్నారు. వాడికి పెద్దగా కష్టం కాలేదు. నేను కదల్లేదు. వాళ్ళంతా ఆశ్చర్యపోయారు గానీ ఇందులో వింతేముంది. ఎదుటివాణ్ణి నవ్వించేవాడు ముందు తన మొహానికి తాళం వేసుకోవాలి. నేను ఆ పనిలో ముసలాడినైపోయాను.

ఆగస్టు 12, మంగళవారం

ఇవాళ ఒకబ్బాయి కూర్చున్నంతసేపూ నా బూట్లతో మాట్లాడాడు. బూట్లు బాగానే జవాబిచ్చాయి.

ఇంకొకమ్మాయి లోపలికొచ్చీ రాగానే గుక్క తిప్పుకోకుండా మాట్లాడి, అయిపోయింది వెళ్ళనా అంది. నాకే కాస్త బెరుకనిపించింది.

జీతానికి కూర్చోవడం. తేలిక పని.

ఆగస్టు 19, మంగళవారం

ఈరోజు వచ్చిన పిల్లకి గుండీ అని పేరు పెట్టాను. పదమూడేళ్ళుంటాయి. చొక్కా పై గుండీని తిప్పుతూనే ఉంది, గొంతుకి అదేదో కుళాయి అయినట్టు. వాళ్ళమ్మ సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ నుంచి అటే యూనిఫాంలో వచ్చేసింది. మెట్ల దగ్గర ఆవిడ గొంతు విప్పితే కింది అంతస్తులో రోగులు కూడా సర్దుకుని కూర్చుంటారు. ఇద్దరికి పంచాల్సిన గొంతు తల్లికే పోసేసినట్టున్నాడు దేవుడు.

పిల్ల బడికెళ్ళడం మానేసి చాలా రోజులైందట. పొద్దున్నే కడుపునొప్పి. బళ్ళో ఈసారి అందరూ తరగతి ముందు నిలబడి మాట్లాడాలి, దానికీ మార్కులున్నాయి. అక్కడ మొదలైంది. ఇక్కడ కొలిచి జబ్బుందని తేలిస్తే శనివారం జట్టులో చేర్చుకుంటారు, ధైర్యం నేర్పుతారు, బడికి ఉత్తరం రాస్తారు. బడివాళ్ళు పేరు తీసెయ్యకుండా ఆగుతారు. ఇదంతా కండక్టరమ్మ మెట్ల మీద చెప్తుంటే మూడు అంతస్తులూ విన్నాయి.

గుండీ లోపలికొచ్చి కూర్చుంది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. మైకులో భయం ఎంత అంటే పెదవులు కదిలాయి, అంకె రాలేదు. ఇష్టమైనదేదైనా చెప్పు అన్నాను. చొక్కా గుండీ తిరిగింది, మాట రాలేదు. మళ్ళీ నిశ్శబ్దం. పిల్ల మెడ దగ్గర నరం కొట్టుకోవడం కనిపిస్తోంది.

నాకు చెవులు కదుల్తాయి. చిన్నప్పటినుంచీ. మొహంలో ఒక్క గీత కూడా కదలకుండా రెండు చెవులూ ఆడించగలను, కావాలంటే ఒక్కటే. ఎందుకు చేశానో రాయడానికేమీ లేదు. చెవులు నావి, ఊరికే ఉన్నాయి.

తలెత్తి చూసింది. పొరపాటు పడ్డాననుకుని కిందికి చూసింది. మళ్ళీ చూసింది. మొహం కొయ్య, చెవులు మాత్రం డ్యూటీలో ఉన్నాయి. ముక్కులోంచి నవ్వొచ్చింది పిల్లకి. అప్పుడంది, మా పిల్లి కూడా ఇలా చేస్తుంది అని.

ఆ తరవాత ఆగలేదు. వాళ్ళ పిల్లికి ఒక కన్ను లేదు. కిటికీలోంచి దూకేటప్పుడు దూరం లెక్క తప్పి పడుతుంది. పడ్డాక, కావాలనే పడ్డానన్నట్టు కూర్చుని ఒళ్ళు నాక్కుంటుంది. పక్కింటివాళ్ళ పాలు తాగొచ్చి ఇంట్లో ఆకలి నటిస్తుంది. నేను రూల్సు ప్రకారం అవునా, ఊఁ అంటూ కూర్చున్నాను. మైకులో భయం ఎంత అని అడిగితే రెండు అంది. గట్టిగా.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి చూసింది. ఎడమ చెవి ఒక్కటి ఆడించి పంపించాను.

ఆగస్టు 20, బుధవారం

రూల్సు కాగితం మళ్ళీ చదివాను. కళ్ళు, పెదవులు, కనుబొమ్మలు, తల, చేతులు. చెవుల ఊసు ఎక్కడా లేదు.

ఆగస్టు 27, బుధవారం

టీ తాగుతూ బావమరిది చెప్పాడు. గుండీకి జబ్బేమీ లేదని తేలిందట. తన కాగితంలో పిల్ల అన్నీ తక్కువే పెట్టింది, వాళ్ళమ్మ కాగితంలో అన్నీ ఎక్కువే. రెండూ కలవక గదినే నమ్మారు. గదిలో ఆ పిల్ల తనంతట తనే మాట మొదలుపెట్టింది, నవ్వింది, కళ్ళలోకి చూసింది. అంతకంటే ఏం కావాలి. జట్టులో సీటు వేరేవాళ్ళకిచ్చారు.

చూశావా, వీళ్ళు నెలల తరబడి నేర్పే ధైర్యం నేను కూర్చున్నచోట నేర్పాను అందామనుకున్నాను. అనలేదు. నువ్వెందుకు బావా నీలో నువ్వే మురిసిపోతున్నావు అన్నాడు. టీ బాగుంది అన్నాను. నిజానికి బాగా లేదు.

సెప్టెంబరు 4, గురువారం

బజారుకి వెళ్దామని బస్సెక్కాను. కండక్టరు గుండీ వాళ్ళమ్మ.

గుండీ కూడా ఉంది. డ్రైవరు వెనక సీట్లో, ఒళ్ళో బడి సంచీ. బడి జరిగే రోజు, బడి జరిగే వేళ. నేను వెనక్కెళ్ళి ఒక లావుపాటాయన చాటున కూర్చున్నాను.

తరవాతి స్టాపులో ఒకావిడెక్కి, ఇక్కడెవరైనా ఉన్నారా పాపా అని పక్కసీటు చూపించి అడిగింది. ఎవరూ లేరు, చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు. గుండీ లేచి నిలబడి తన సీటు ఇచ్చేసింది. ఆవిడ తన సంచీని కూడా దర్జాగా పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల కడ్డీ పట్టుకుని వేలాడుతూ వచ్చింది.

కండక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. మీరు పైన ఆఫీసులో ఉంటారు కదా అన్నా అని పక్కన నిలబడింది. ఆ మనిషికి చిన్నగా మాట్లాడడం కూడా వచ్చని అప్పుడే తెలిసింది. అంతా మామూలుగానే ఉందని కాగితం ఇచ్చారట. మంచిదే కదా అని ఆ కాగితం పట్టుకెళ్ళి బళ్ళో ఇచ్చిందట. జబ్బు లేకపోతే మరి ఇది మొండితనమే కదా, నెలాఖరులోగా రాకపోతే పేరు తీసేస్తాం అన్నారట. ఇంట్లో ఒంటరిగా వదలలేక డ్యూటీకి వెంట తెచ్చుకుంటోంది. ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి.

“వాళ్ళ నాన్న ఇదంతా నాటకం అంటున్నాడన్నా. నిన్న మొదటిసారి చెయ్యి చేసుకున్నాడు” అంది.

నేను కిటికీలోంచి ఏదో షాపు బోర్డు చదివాను.

“నిజం చెప్పన్నా, ఆ రోజు లోపల మాట్లాడిందా? మా ఇంటికి సొంత చుట్టాలొస్తేనే తలుపు చాటుకి పోతుందే.”

నాకు తెలీదమ్మా, నేను లోపల ఉండను అన్నాను.

నా స్టాపు రాకముందే దిగాను. దిగుతుంటే గుండీ చూసింది. చూసి, కడ్డీ పట్టుకున్న చెయ్యి తీసి, చెవి తమ్మెని ముట్టుకుని చూపించింది. నాకేదో పని ఉన్నట్టు అటు తిరిగి నడిచాను.

సెప్టెంబరు 5, శుక్రవారం

నాకేంటి. కొలిచేది వాళ్ళు. నేను కుర్చీలో వస్తువుని. ఫ్యాను తిరిగిందని ఫ్యానుని నిలదీస్తారా ఎవరైనా.

సెప్టెంబరు 7, ఆదివారం

ఇంట్లో ఏమీ చెయ్యకుండా కూర్చున్నాను. మా ఆవిడ తన చెప్పుల్లో కాలు పెట్టేముందు దులిపి చూసుకుంది, అలవాటు కొద్దీ. ఏమీ లేదు. ఉప్పుడబ్బాలో పంచదార లేదు. గడియారం ముందుకి జరిగి లేదు. ఏమైంది మీకు, ఒంట్లో బాగాలేదా అంది.

సంతకం పెట్టాను కాబట్టి జాగ్రత్తగా చెప్పాను. ఎక్కడో ఒక చోట నాలాంటి పనే చేసే వేరే మనిషి ఒకడున్నాడు. వాడు ఒక పిల్ల భయపడుతోందని చిన్న సరదా చేశాడు. పిల్ల మాట్లాడింది. దాంతో జబ్బు లేదనేశారు. వాడి తప్పేముంది చెప్పు అన్నాను.

బియ్యం ఏరుతున్నదల్లా చెయ్యి ఆపింది.

“ఆ వేరే మనిషికి చెవులు కదుల్తాయా?”

నా చెయ్యి చెవి మీదికి పోయింది. మళ్ళీ బియ్యం ఏరుకుంది. కాసేపయ్యాక, మీరు నవ్విస్తే నవ్వినవాళ్ళంతా బాగున్నారనుకుంటారు మీరు అంది. పెళ్ళైన కొత్తలో నేనూ తెగ నవ్వేదాన్ని, గుర్తుందా అంది.

గుర్తుంది. దానికీ దీనికీ సంబంధమేంటో నాకు తెలియలేదు. అడగలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

డాక్టరమ్మ సెలవు. ఉంటే చెప్పేవాణ్ణి.

సెప్టెంబరు 9, మంగళవారం

చెప్పాను. ఆవిడే ఎదురుపడింది, తప్పించుకోవడానికి వరండాలో వేరే దారి లేదు.

ఆవిడ కోప్పడితే సమాధానాలు చాలా సిద్ధం చేసుకున్నాను. కోప్పడలేదు. మా బావమరిదిని పిలిచి ఆ రోజు వీడియో పెట్టించింది. ‘మా పిల్లి కూడా ఇలా చేస్తుంది’ దగ్గర ఆపించింది. ఆ సమయానికి పిల్ల చెయ్యి మొహానికి అడ్డం ఉంది, పిల్లి మొహం దాచుకున్నట్టు చూపిస్తోంది కాబోలు అని రాసుకున్నారట అందరూ. ఇలా అంటే ఎలా అని నన్నడిగింది.

చేసి చూపించాను. డాక్టరమ్మ నా చెవుల్ని చాలాసేపు చూసి కాగితం మీద ఏదో రాసుకుంది. మా బావమరిది నేలచూపులు చూస్తున్నాడు, వాడి భుజాలు ఊగుతున్నాయి.

ఇంకెంతమంది పిల్లలకి చేశారు అంది. ఒక్కరికే అన్నాను. గుర్తుతెచ్చుకుని చెప్పండి అంది. గుర్తుతెచ్చుకున్నాను, ఒక్కరికే. బూట్లతో మాట్లాడిన అబ్బాయికి కూడా ఆడించాను గానీ వాడు బూట్లనే చూస్తున్నాడు, కాబట్టి అది లెక్కలోకి రాదు. ఆ సంగతి చెప్పలేదు. తరవాత మెట్ల దాకా వెళ్ళి వెనక్కొచ్చి చెప్పాను.

పిల్ల బాధపడుతుంటే చూడలేకపోయానమ్మా అన్నాను.

“మీరు జ్వరం తగ్గించలేదండీ. కడ్డీని చన్నీళ్ళలో ముంచారు” అంది.

గుండీని మళ్ళీ పిలుస్తారట. నన్ను పంపించేస్తారనుకున్నాను, లేదా వేరేవాణ్ణి కూర్చోబెడతారనుకున్నాను. అలా కుదరదంది. అన్నీ మొదటిసారి ఉన్నట్టే ఉండాలి, అదే గది, అదే కుర్చీ, అదే మనిషి. చెవులు ఒక్కటే ఉండకూడదు. అప్పుడుగానీ ఆ రోజు మాట్లాడింది పిల్లో, మీ చెవులో తెలియదు అంది. ఇది అయ్యాక మీరు ఆ కుర్చీలో కూర్చోవద్దు, మీరు ఎదురుగా కూర్చున్న పిల్లలందర్నీ మళ్ళీ చూడాలి నేను అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సెప్టెంబరు 16, మంగళవారం

గుండీ వచ్చింది. తలుపు తానే తోసుకుని దాదాపు పరుగులా వచ్చి కూర్చుంది. నా మొహం చూడలేదు, చెవులు చూసింది. మొదట ఒకటి, తరవాత రెండోది.

నేను ఎదురుగోడ మీద స్విచ్చిబోర్డుని చూస్తూ కూర్చున్నాను. నాలుగు స్విచ్చులు, ఒకటి పగిలింది.

భయం ఎంత అని మైకులో అడిగారు. మూడు అంది. ఎదురుచూస్తోంది. పెదవుల చివర నవ్వు సిద్ధం చేసిపెట్టుకుంది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. చెవులు కదల్చకపోవడం కూడా ఒక పనని నాకు ఇంతవరకు తెలియదు. దవడ దాకా నొప్పెట్టింది.

తరవాత ఆ నవ్వు ఒక్కసారిగా పోలేదు. ముందు ఒక పక్క పోయింది, ఇంకో పక్క కాసేపు ఉంది. చెయ్యి చొక్కా గుండీ మీదికి వెళ్ళింది. నా మొహంలోకి చూసింది, లోపలికొచ్చాక మొదటిసారి. ఏమీ లేదక్కడ. ఆ పని నేను బాగా చేస్తాను.

“నేనేం చేశాను?” అంది. గాలిలా వచ్చింది మాట. మైకుకి అందిందో లేదో తెలియదు, నాకు అందింది.

అడిగినదానికి ముక్తసరిగా జవాబివ్వొచ్చు. ఏమీ చెయ్యలేదు అనొచ్చు, రూల్సులో ఉంది. కానీ నోరు తెరిస్తే ఆ ఒక్క మాటతో ఆగనని తెలుసు. నిశ్శబ్దం పెరిగింది. నీకు ఇష్టమైనదేదైనా చెప్పు అన్నాను.

తల దించేసుకుంది. చొక్కా గుండీ ఊడి కిందపడి దొర్లి నా బూటు దగ్గర ఆగింది. వంగి తియ్యలేదు. మళ్ళీ మైకులో భయం ఎంత అన్నారు. నోటితో చెప్పలేదు. రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళన్నీ విప్పి, అలాగే పట్టుకుంది.

బయటికొచ్చాక డాక్టరమ్మ, బాగా చేశారు అంది. బావమరిది వైర్లు చుడుతున్నాడు. నేను ఇంటికి బయల్దేరేదాకా బావా అని పిలవలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

సెలవు పెట్టాను. మా ఆవిడ నుదుటి మీద చెయ్యేసి చూసింది. జ్వరం లేదు.

సెప్టెంబరు 24, బుధవారం

గుండీకి జట్టులో సీటొచ్చింది. కొలతలో జబ్బుందనే గీత దాటింది, అదీ ఆమడ దూరం. డాక్టరమ్మ బడికి ఉత్తరం రాసింది. పేరు తియ్యరు. తరగతి ముందు మాట్లాడే పరీక్ష వచ్చే ఏడాదికి జరిపారు. వాళ్ళ నాన్నని కూడా పిలిపించి వీడియో చూపించారట. చూశాక ఆయన చాలాసేపు మంచినీళ్ళ క్యాను దగ్గరే నిలబడ్డాడని బావమరిది చెప్పాడు. గ్లాసు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదట.

అంటే నేను చేసింది సరైన పనే. కూర్చోమన్నారు, కూర్చున్నాను. సీటొచ్చింది.

నన్ను గుమ్మం దగ్గర బల్లకి మార్చారు. వచ్చినవాళ్ళని కూర్చోండి అనాలి, నీళ్ళ క్యాను మార్చాలి. ఇక్కడ నవ్వొచ్చు. ఎవరూ అడ్డు చెప్పరు.

అక్టోబరు 11, శనివారం

జట్టు వచ్చే రోజు. గుండీ వాళ్ళమ్మ వెనకాలే నక్కి నా బల్ల ముందునుంచి వెళ్ళింది. చూడలేదు. మంచిదే. కొత్తవాళ్ళ కళ్ళలోకి చూడకపోవడం ఆ జబ్బు లక్షణమే. నేను కొత్తవాణ్ణి కాదనుకో, అది వేరే సంగతి.

జట్టులో ఏం చేస్తారో బావమరిది చెప్పాడు. ఒక్కో పిల్లా తనకి భయమైన పనులన్నీ చిన్నవి కింద, పెద్దవి పైన మెట్లలా పేర్చుకుంటుంది. అడుగు మెట్టు నుంచి మొదలు. ఒకడు రోడ్డు మీద టైము అడిగొచ్చాడు. ఒకమ్మాయి పెన్ను కొని, రాయడం లేదని వెనక్కి తీసుకెళ్ళి ఇచ్చింది. గుండీ షాపులో పెన్సిలు తీసుకుని, ఈ రంగు వద్దు వేరేది ఇవ్వండి అంది. షాపువాడు ఏంటీ అన్నాడట. మళ్ళీ అందట.

భయం తగ్గాక చేయిస్తారా అని అడిగాను. కాదు బావా, భయం ఉండగానే చేయిస్తారు, తగ్గితే తరవాత తగ్గుతుంది అన్నాడు. మనకి అర్థం కాని చదువు.

అక్టోబరు 25, శనివారం

చూడలేదు.

నవంబరు 1, శనివారం

ఇవాళ నీళ్ళ క్యాను మార్చే పని జట్టు వచ్చే వేళకే పడింది. నాకేమీ పట్టింపు లేదు. ఊరికే రాస్తున్నాను.

నవంబరు 15, శనివారం

మధ్యాహ్నం డాక్టరమ్మ బల్ల దగ్గరికొచ్చి, కాస్త వరండాలోకి రండి, ఆ పిల్ల మీతో మాట్లాడాలట, తన పై మెట్టు అదే అంది. ఏమిటా మెట్టు అన్నాను. తనని బాధపెట్టిన మనిషికి ఆ మాట మొహం మీదే చెప్పడం అంది. ఇంట్లోవాళ్ళు, బళ్ళో టీచరు, ఎవరినైనా ఎంచుకోమన్నారట. ‘కుర్చీలో మనిషి’ అని రాసిందట.

నేనెలా ఉండాలి అని అడిగాను. మొహం కొయ్యగా పెట్టాలా అని.

“ఇది కొలత కాదండీ. మీరు మీలా ఉండండి” అంది.

అది నాకు అంత తేలిక పని కాదని ఆవిడకి తెలియదు.

వరండాలో వాచ్‌మన్ కూర్చుని రిజిస్టరులో గీతలు కొడుతున్నాడు. అవతలి చివర కండక్టరమ్మ గోడకానుకుని నిలబడింది. నోరు మూసుకుని ఉంది, ఆ దృశ్యం నేను ఇదే చూడడం. గుండీ నా ముందుకొచ్చి నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది. వెనక ఆ చేతులు ఏం చేస్తున్నాయో నాకు కనపడలేదు.

మొదటి మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ, ఇష్టమైనదేదైనా చెప్పు అనలేదు.

“మీరు మొదటిసారి నవ్వించారు” అంది. ఆగింది. “రెండోసారి నేనెవరో తెలీనట్టు కూర్చున్నారు. నేను మీ కోసమే వచ్చాను ఆ రోజు. నేనేం చేశాను అని అడిగితే మీరు చెప్పలేదు. నేనేదో చేశాననే అనుకున్నా. ఇప్పటిదాకా అదే అనుకుంటున్నా.”

గొంతు రెండు చోట్ల విరిగింది. విరిగినచోట ఆగి, మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంది. చెవులూ మెడా ఎర్రబడ్డాయి. కళ్ళు మాత్రం పక్కకి తిప్పలేదు.

డాక్టరమ్మ మెల్లిగా, ఇప్పుడు భయం ఎంత అని అడిగింది. ఎనిమిది అంది గుండీ. ఎనిమిది అన్న పిల్ల వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. నా జవాబు కోసం నిలబడింది.

నాలుక మీదికి జోకులు వరసగా వచ్చాయి. మంచివే. ఒకటి వదిలితే పిల్ల నవ్వేది, వాళ్ళమ్మ నవ్వేది, డాక్టరమ్మ సంగతి చెప్పలేను గానీ అందరం తేలిగ్గా ఇళ్ళకి పోయేవాళ్ళం. వాటిని మింగడానికి కొంచెం సమయం పట్టింది. మింగాక చూస్తే చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు, ఒక్కటి తప్ప. అదీ సరిగ్గా రాలేదు. నువ్వేం చెయ్యలేదమ్మా, చేసింది నేను అని నా చొక్కాకి చెప్పాను.

గుండీ ఇంకో అడుగు ముందుకేసింది.

“వినపడలేదు. కొంచెం గట్టిగా చెప్పండి.”

చెప్పాను. వాచ్‌మన్ గీతలు ఆపి తలెత్తి చూశాడు.